నానమ్మ కంటికి ఆనే కుర్తీ

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లోని మా బిర్సానగర్‌లో దుర్గాపూజకి కొత్త బట్టలు కొనుక్కోవడం ఒక ఎత్తు, వాటికి స్టోన్లు అంటించుకోవడం ఒక ఎత్తు. స్టోన్లంటే గాజుతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన మెరుపు రాళ్ళు. కుర్తీ, చున్నీ, చెప్పులు, చేతిసంచి, జడక్లిప్పు, దేన్నీ వదిలేవాళ్ళం కాదు. కుదిరితే మనుషులకి కూడా అంటించేవాళ్ళమే (నుదుటి మీద ఎలాగూ అంటించుకునేవాళ్ళం). పండగ అనగానే అందరూ సంబరాలు తలుచుకుంటారు. నాకు మాత్రం జిగురు వాసన, వానకి తడిసిన పందిరి గుడ్డ వాసన, వాటితోపాటు ఒక దిగులు గుర్తొస్తాయి. ఈ మాట పైకంటే మా అమ్మ, "నువ్వు పుట్టడమే ఏడుపు మొకంతో పుట్టినావు," అంటుంది. కావచ్చు, చూసిన మనిషి ఆవిడే కదా.

ఆ ఏడు నేను ప్లస్ టూ చదువుతున్నాను. మా నానమ్మ కళ్ళు పోతున్నాయి. దీన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ కళ్ళ డాక్టరు తేల్చేశాడు. అప్పటికే మనుషుల మొహాలు చెరిగిపోయాయి, వెలుగూ తళుకూ మాత్రం తెలిసేవి. శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళికూతురుగా ఈ ఊరొచ్చి, మొగుడినీ కొడుకునీ ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టులకి సాగనంపుతూ ఇక్కడే ముసలిదైపోయిన మనిషి. ఏడాది పొడుగునా గుమ్మం దాటకపోయినా పూజ రోజుల్లో మాత్రం పందిరి పందిరికీ తిరిగి అమ్మవారిని చూడాల్సిందే. ఆ ఏడు నాన్న ముందే చెప్పేశాడు. "ఈయేడు వద్దే అమ్మా. ఆ జనంలో తప్పిపోతే నిన్నెక్కడని ఎతకాల?" నానమ్మ వాదించలేదు. గోడవైపు తిరిగి కూచుని, "పై యేడుకి నాకు అమ్మోరు అగుపిత్తాదేటి," అంది. నేనే ఉండబట్టలేక, "మై లే జాఊంగీ," అన్నాను, నేను తీసుకెళ్తానని. (పెద్దవాళ్ళు తెలుగులో అడగడం, మేము హిందీలో జవాబు చెప్పడం మా వీధిలో పిల్లలందరికీ అలవాటే. అదొక వింతని ఎవరికీ తోచేది కాదు.) చెయ్యి వదలనని నాన్నకి మాటిచ్చాను.

చెయ్యి జారినా నానమ్మ నన్ను పోల్చుకోవాలి కదా. ఆవిడకి తెలిసేది తళుకొక్కటే, కాబట్టి నేనే తళుకైపోతే సరి. ఇంత గొప్ప ఆలోచన నాకు తప్ప ఎవరికొస్తుంది అని మురిసిపోయి, అగ్రికో మార్కెట్లో పెద్ద సైజు స్టోన్లు దొరికినన్ని పట్టుకొచ్చాను. వెనక జిగురు పూసి ఉన్నవి అవి, గుడ్డ మీద పేర్చి పైన ఇస్త్రీపెట్టె నొక్కితే అంటుకుంటాయి. అగరబత్తి పుల్ల కొసకి కాస్త మైనం పెట్టి ఒక్కొక్క స్టోనూ ఎత్తి పేర్చాను. నా కుర్తీ ఎంత వేడికి తట్టుకుంటుందో మాత్రం కనుక్కోలేదు. ఇస్త్రీపెట్టె ఎత్తేసరికి వీపు భాగం కరిగి, అదే ఆకారంలో అట్టలా గట్టిపడిపోయింది. ఏడుద్దామనుకున్నాను గాని అంత టైము లేదు. ఆ మచ్చ కనబడకుండా దాని నిండా మిగతా స్టోన్లన్నీ ట్యూబు జిగురుతో అంటించేశాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చి చూసి, "ఏటే ఈపు మీద ఆ పడవ?" అన్నాడు. అమ్మ కుర్తీని చేత్తో ఎత్తి బరువు చూసింది. "బట్టకి రాళ్ళంటించినావా, రాళ్ళకి బట్టంటించినావా," అంది. తొడుక్కుంటే చంకల్లో గీరుకుపోయేది, కూచుంటే కటకటమనేది.

అంతటితో ఊరుకున్నానా, నానమ్మ చెప్పులకీ అంటించాను. కిందటేడు పందిరి బయట విడిచిన తన చెప్పులు పోల్చుకోలేక ఎవరో మగాయన చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చింది మరి. "ముసిల్దాని కాళ్ళకి సోకులేటే," అని విసుక్కుంటూనే, కాళ్ళు చాపి చాలాసేపు చూసుకుంది. తర్వాత వరండాలో ప్రాక్టీసు పెట్టాం. నేను కుర్తీ వేసుకుని ఈ మూలకీ ఆ మూలకీ తిరిగేదాన్ని, ఆవిడ వేలు పెట్టి చూపించాలి. ప్రతిసారీ సరిగ్గా చూపించింది. "అగుపిత్తన్నావే గుంటా, మినుకు మినుకుమంటన్నావు," అని పళ్ళు లేని నోటితో నవ్వింది. అప్పటికి చాలా రోజులైంది ఆవిడ నవ్వి. వంటింటి గుమ్మంలో అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు గర్వమే వేసింది గాని, ఆ వరండాలో వెలిగేది ఒకే ఒక్క బల్బు అన్న సంగతి తట్టలేదు.

అష్టమి సాయంత్రం ముసురు పట్టింది. షేర్ ఆటోలో అగ్రికో వైపు పందిరికి చేరి ఆడవాళ్ళ లైన్లోకి అడుగుపెట్టేసరికి నా గొప్ప ఆలోచన ఏపాటిదో తెలిసిపోయింది. పై నుంచి కింద దాకా లైట్ల తోరణాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. తడి నేల మీద మళ్ళీ అవే లైట్లు. ఇక జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. జంషెడ్‌పూర్ ఆడపిల్లలందరూ నాలాగే అగరబత్తి పుల్లలు పట్టుకుని కూచున్నట్టున్నారు, ఎటు చూసినా స్టోన్లే. నానమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇన్ని దీపాలేటే," అంది. ఇంతలో ఢాకీ వాళ్ళు డప్పులందుకున్నారు. హారతి మొదలైందని వెనకవాళ్ళు ఒక్కసారి తోశారు. నేను వెదురు కంచెకి గుద్దుకుని, తేరుకుని వెనక్కి చూస్తే నా చేతిలో చెయ్యి లేదు.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలీదు. తల వంచుకుని అందరి కాళ్ళూ చూసుకుంటూ తిరిగాను. తళుకు చెప్పులు కనబడితే చాలు, వెళ్ళి మొహం వంక చూడడం, తిట్లు తినడం. మైకు దగ్గరికి వెళ్ళి చెప్పించుకోవచ్చని కూడా తోచలేదు. చూపులేని మనిషి, హిందీ అంతంతమాత్రం, ఏ బస్సు కిందైనా పడితే నాన్నకి నా మొహం ఎలా చూపించను అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. చివరికి ఉడికించిన బఠాణీల ఘుగ్ని అమ్మే బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నానమ్మ కనబడింది. నా వయసు పిల్లొకతి పక్కనే గొంతుక్కూచుని ఉంది, దాని కుర్తీ నిండా స్టోన్లు (చక్కగా అంటించుకుంది, పడవ లేదు). దాని చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని నానమ్మ ఏదో చెబుతోంది. చెంపలు తడిగా ఉన్నాయి. ఆ పిల్ల అలాగే నానమ్మా అన్నట్టు మెల్లగా, "హాఁ దాదీ, ఠీక్ హై దాదీ," అంటోంది.

"నానమ్మా, మై యహాఁ హూఁ," అన్నాను. నానమ్మ నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి, ఆ పిల్ల చేతిని ఒకసారి తడిమింది. "నువ్వక్కడుంటే మరి ఇదెవులే," అంది. తనది టెల్కో కాలనీ అనీ, ఈవిడే వచ్చి చెయ్యి పట్టుకుందనీ, ఒంటరిగా ఉందేమోనని కూచోబెట్టాననీ ఆ పిల్ల నాకు హిందీలో చెప్పింది. "ఏదో చాలాసేపు చెప్పింది, ఏడ్చింది కూడా. నాకు ఆ భాష రాదు. ఏమందో ఏమో పాపం," అని కూడా అంది. ఇదంతా విని నానమ్మ ఆ పిల్ల చెయ్యి మెల్లగా వదిలేసింది. "ఇదీ మెరిసిపోతంది. నాను తెలుగులో మాటాడితే ఇదీ హిందీలోనే పలికింది. నువ్వే అనుకున్నాను," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

అమ్మవారి దాకా వెళ్ళకుండానే వెనక్కి తిరిగాం. ఆటోలో అడిగాను, నాకొచ్చిన ముక్కలన్నీ కూడదీసుకుని తెలుగులోనే. "నానమ్మా, ఆ అమ్మాయికి ఏం చెప్పావు?" ఆవిడ వాన వైపు తిరిగి కూచుంది. "నీకే సెప్పేను. అలాటివి ఒకపాలే వత్తాయి గుంటా, రొండోపాలి రావు," అంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నాకోసం దాచుకున్న మాట, ఒక్క ముక్క అర్థంకాని చెవిలో పడిపోయింది. నాన్న గుమ్మంలోనే నిలబడి, "అమ్మోరు అగుపించిందేటే అమ్మా," అని అడిగాడు. "బాగా అగుపించింది నాయినా," అని అబద్ధమాడి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నేను ఆవిడతో తెలుగులోనే మాట్లాడడం మొదలుపెట్టాను. ఇదేదో భాషాభిమానం అనుకునేరు, ఆ మాట మళ్ళీ చెబుతుందేమోనన్న ఆశ, అంతే. నా తెలుగు విని ఇంటిల్లిపాదీ నవ్వేవారు. "నానమ్మా, మెల్లగా రా, మెట్టు వస్తున్నాడు," అంటే, "మెట్టుకి మీసాలున్నాయేటే," అనేది ఆవిడ. ఆ మాట మాత్రం చెప్పలేదు. పై ఏడు పూజకి తళుకులు కూడా తెలియకుండా పోయాయి. అయినా తీసుకెళ్ళాను, మామూలు నూలు కుర్తీ వేసుకుని. మళ్ళీ తోపులాట, మళ్ళీ చెయ్యి జారింది. ఉన్నచోటు నుంచే నా వంకర తెలుగులో గట్టిగా పిలిచాను. నానమ్మ కదలకుండా నిలబడి, చుట్టూ ఉన్న బెంగాలీ ఆడవాళ్ళకి తెలుగులో చెబుతోంది, "అదే మా గుంట. ఇంత సెడ్డ తెలుగు ఈ ఊళ్ళో ఇంకెవులికీ రాదు."

నానమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ చెప్పిన మాటేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. పట్టుదలగా చదవడం, రాయడం నేర్చుకున్నాను, నా తెలుగు బాగుపడింది (ఇంతవరకూ విసుక్కోకుండా చదివారంటే మీరే సాక్ష్యం). కానీ పూజ రోజుల్లో ఒక్కోసారి అనిపిస్తుంది, ఇప్పుడు ఆవిడ పక్కన నిలబడి ఇంత శుభ్రంగా పలకరిస్తే, "ఎవులమ్మా నువ్వు," అని అడుగుతుందేమోనని.