పాలాయన బొటనవేలు

పాలాయనకు ఏదీ పారేయడం చేతకాదు. విరిగిన గొడుగు, ఒంటి చెప్పు, ఆవు పొదుగువాపుకి తెచ్చిన మందు ట్యూబు, అన్నీ పాక చూరులో భద్రంగా ఉంటాయి. పాలల్లో విరుగులు పోయి తెల్లగా రాగానే మందు ఆపేస్తాడు. మిగిలింది "మళ్లీ పనికొస్తుంది" అని దాచేస్తాడు.

ఆ రోజు రానే వచ్చింది. కొక్కెం గీరుకుని ఆయన కుడిచేతి బొటనవేలికి చీము పట్టింది. అది మామూలు వేలా? ఆ చెయ్యి పడితే తప్ప ఎర్రావు పాలు చేపదు.

"ఏమండీ, ఆవు మందు వేలికి రాసుకుంటున్నారా?" భార్య కళ్లు పెద్దవి చేసింది.

"దానికి పనిచేసింది నాకు పనిచెయ్యదా? ఒకే ఇంటివాళ్లం కదే."

"అయితే రాత్రికి మీకూ గడ్డే వేస్తాను."

వేలు వంకాయంత అయ్యింది. అటు ఎర్రావు పొదుగు కూడా మళ్లీ వాచింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఏమైనా మందు వాడారా?" అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. పశువుల మందని చెప్పడానికి మొహం చెల్లలేదు.

"ఆవుకి సగంలో ఆపేసి దాచిన పొదుగు మందు పూసుకున్నారమ్మా!" అనేసింది భార్య. నవ్వాపుకోలేక నర్సు దూది వెతికే వంకతో అలమర వెనక్కి పోయింది.

డాక్టరమ్మ నవ్వలేదు. చీము పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక చెప్పింది: "ఈ క్రిమి ఆ మందుకి లొంగదు. సగం సగం వాడి మీరే దాన్ని రాటుదేల్చారు. వేరే మందు ఇస్తున్నాను. దీనికీ లొంగకపోతే వేలి చివర తీసెయ్యాల్సి రావచ్చు."

ఆయన ఆ వేలిని ఎడమచేత్తో కప్పేసుకున్నాడు.

పశువుల డాక్టరు ఎర్రావు పాలు పరీక్ష చేయిస్తే అందులోనూ అదే క్రిమి తేలింది.

"దాన్నుంచి నాకొచ్చిందా, నా నుంచి దానికెళ్లిందా?" అన్నాడు పాలాయన, తప్పు ఆవు మీదికి నెట్టే వీలుందేమోనని.

"చెయ్యి కడక్కుండా పితికేవాడికి ఆ లెక్కెందుకు బావా?" అన్నాడు పశువుల డాక్టరు.

కొత్త మందుతో వాపు తగ్గింది. వేలు వంగింది, గోరు కింద మళ్లీ నెత్తురు కళ తిరిగింది. వేలు దక్కిందని తేలగానే ప్రాణం లేచొచ్చి, పాలాయన ఆ పూట మాత్ర చప్పున జేబులోకి జార్చాడు.

"నోరు తెరవండి," అంది భార్య. తెరిచాడు. "ఇప్పుడు జేబు."

"నా మీద నమ్మకం లేదా?"

"ఎర్రావు మీదుంది. అది మందు దాచుకోదు."

మాత్ర మింగేదాకా ఆమె కదల్లేదు.