బస్సు డ్రైవరమ్మ అడిగే ప్రశ్న

లూయెల్లా ఇరవై రెండేళ్లుగా స్కూలు బస్సు నడుపుతోంది. తన ఊరి కొండదారుల్లో మంచు పడ్డా, లేళ్లు అడ్డం వచ్చినా, ఏ బిడ్డకూ చిన్న గీత పడకుండా బడికి చేర్చింది. ఆ మాట ఇప్పుడు ఎవరైనా మెచ్చుకోలుగా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. నిరుడు మార్చిలో తుపాకీని బడికి చేర్చింది కూడా ఆమె బస్సే.

పదిహేనేళ్ల కుర్రాడు పొడుగాటి సంచీతో ఎక్కాడు. "ఏంట్రా అది?" అంటే "బ్యాండు వాయిద్యం" అన్నాడు. "బాగా వాయించు నాన్నా" అంది. గంట తిరక్కుండా నలుగురు పిల్లలు, ఒక లెక్కల టీచరు పోయారు. ఆ నలుగురిలో ఇద్దరు ఆమె బస్సు పిల్లలే.

తర్వాత ఊరు కొవ్వొత్తులు వెలిగించింది, రిబ్బన్లు కట్టింది, బడి గుమ్మానికి ఇనుప తలుపు పెట్టించింది, సభల్లో గొంతు చించుకుంది. తుపాకీ ఎక్కడిదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే తమ ఇంటి మీదికే వస్తుంది మరి. ఆ కుర్రాడి తాత వేట తుపాకులు అద్దాల బీరువాలో పెట్టి, తాళంచెవి బీరువా నెత్తినే ఉంచాడు. అక్కడ అందరూ అంతే. లేళ్ల వేట మొదలయ్యే రోజున బడికి సెలవిచ్చే ఊరది.

లూయెల్లా మాత్రం అడగడం మొదలుపెట్టింది. శనివారాలు తన బస్సు పిల్లల ఇళ్లు తిరిగి ఒకటే ప్రశ్న: "మీ బీరువా తాళంచెవి ఎక్కడుంటుంది?" కొందరు నాలుక కరుచుకుని తీసి జేబులో వేసుకున్నారు. ఒకాయన "నీ బస్సు నువ్వు నడుపుకో, మా ఇల్లు మేం నడుపుకుంటాం" అని ముఖం మీదే తలుపేశాడు. ఆమె మరుసటి వారం మళ్లీ వెళ్లింది. అంత మొండిమనిషి సొంత తమ్ముడు వెండెల్‌ను మాత్రం ఏడాదిగా అడగలేదు. దాన్ని పిరికితనం అనక తప్పదు.

ఈమధ్య వెండెల్ దగ్గరే ఉంటున్న అతని మనవడు, పదమూడేళ్ల కోల్బీ, బస్సులో ఆఖరి సీటుకి మారాడు. మూడు వారాలుగా ఎవరితోనూ మాటల్లేవు. వాడు బస్సెక్కిన ప్రతి ఉదయం, ఆ సంచీలో ఉన్నవి పుస్తకాలేనా అని ఆమెకు గుండె దడ. బడి చేరేదాకా అద్దంలో ఆఖరి సీటునే చూసేది. ఇంటి పిల్లవాడి మీద అలాంటి ఆలోచనా అని తనను తానే తిట్టుకునేది.

చివరికొక శనివారం మధ్యాహ్నం తెగించి వెళ్లింది. వెండెల్ పొయ్యి మీద లేడి మాంసం, బీన్సు ఉడికిస్తున్నాడు. కోల్బీ బల్ల దగ్గర రొట్టె తుంచుతున్నాడు గానీ తినడం లేదు.

"రా అక్కా! వాసన బాగానే పట్టావే!"

"తిండికి రాలేదురా. బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టావ్?"

"వచ్చిందండీ తనిఖీ! ఊరంతా అయిపోయి ఇక నా మీద పడ్డావా? యాభై ఏళ్లుగా తుపాకీ పడుతున్నా, నాకు నేర్పుతావా?"

"నీ సంగతి కాదురా నేనడిగేది."

"నిరుడే చోటు మార్చేశాలే. ఎక్కడుందో నీ మరదలికి కూడా తెలీదు. చాలా?"

లూయెల్లా బల్లవైపు తిరిగింది. "నీకు తెలుసా నాన్నా?"

కోల్బీ తలెత్తలేదు. "కింద గదిలో, చేపల గాలాల డబ్బాలో. అడుగు అరలో."

వెండెల్ చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకెవడు చెప్పాడ్రా?"

"ఎవరూ చెప్పలా. తీసినప్పుడల్లా మళ్లీ అక్కడే పెడుతున్నాగా తాతయ్యా."

లూయెల్లా అరవబోయిన తమ్ముణ్ణి చెయ్యెత్తి ఆపి, తనే పొయ్యి ఆపేసింది.

"వెళ్లి తుపాకులన్నీ నా బండిలో పెట్టు. ఒక్కటి కూడా మిగల్చకు."

ఊళ్లో ఎవరికీ తలవంచని వెండెల్ మారుమాట లేకుండా వెళ్లాడు. ఆమె కోల్బీ పక్కన కూర్చుంది.

"ఎందుకు తీశావో చెప్పు నాన్నా. తిట్టను. సాయంత్రమైనా సరే, ఇక్కడే కూర్చుంటా."

వాడు తుంచిన రొట్టె ముక్కలు కుప్ప పోశాడు. వెండెల్ రెండు చేతులా తుపాకులు మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి వాడు తలెత్తి ఆమెవైపు చూశాడు.

"వాటిని తీసుకెళ్తున్నావ్‌గా" అన్నాడు. "ఇక్కడుంటే నన్ను చూసి నాకే భయమేస్తోంది అమ్మమ్మా. నన్ను కూడా తీసుకెళ్లవూ?"