అవ్వ చూసిన పాట

ఏ సభకు పోయినా నాకంటే ముందు నలుగురైదుగురు పాడి ఉంటారు. మైకు మీది స్పాంజి తొడుగులో వాళ్ల ఊపిరంతా ఇంకి, వక్కపొడీ ఏలకులూ కలిసిన చెమ్మ వాసన వేస్తుంటుంది. అది ముక్కుకు తగిలితే చాలు, కర్నూలుకు పడమరనున్న మా ఊరి చర్చిలో, తొమ్మిదేండ్ల పిల్లగా మొదటిసారి మైకు ముందర నిలబడిన క్రిస్మస్ పొద్దు గుర్తుకొస్తుంది.

పత్తి తీయడానికీ, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికీ మా అమ్మానాయనా ఏటా గుంటూరు పక్క సుగ్గికి వలస పోయేవాళ్లు. వాళ్లతోపాటే ఊరు సగం ఖాళీ అయ్యేది. అచ్చంగాయలకు జత దొరక్క నా రాళ్లు నేనే ఎగరేసి నేనే పట్టుకునేదాన్ని. ఇంట్లో నేనూ, నాయన తల్లి అయిన మా అవ్వా, అంతే. అవ్వకు ఎప్పుడో విషజ్వరంలో చెవులు పోయినాయి. ఆమె జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడు ఆమెకు తప్ప ఇంటికంతా వినపడేది.

ఆ క్రిస్మస్‌కు నేను కాలి బొటనవేళ్లు చూసుకుంటూ, గౌను కొస నలుపుకుంటూ పాడినాను. ముందు వరసలో చాప మీద కూర్చున్న అవ్వ, ఇంటికొచ్చి నా చేతిలో కజ్జికాయ పెట్టి అడిగింది.

"ఎవురన్నా తిట్టిరా నిన్ను? దేవుడు పుట్టినాడని కదా పాడింది? నీ మొగం చూస్తే ఎవురో సచ్చిపోయినట్టుండాది."

నీకు వినపడదు కదా అని చెవులు చూపించి చెయ్యి తిప్పినాను.

"ఇనపడదనే చెప్తాండా. నాకు పాట యాడుంటాది మే? నీ మొగంలోనే కదా."

మరుసటి దినం నుంచి సాయంత్రాలు పొయ్యి ముందర నేను పాడటం, అవ్వ అది ఏ పాటో పోల్చుకోవడం. సంతోషం పాటకు "ఎవురికో రోగమా?" అనేది. మళ్లీ మొదటి నుంచి పాడేదాన్ని. తల ఎత్తడం, ఎదుటి మనిషి కళ్లలోకి చూడటం, చేతులు ఊరికే వదిలేయడం, అన్నీ ఆ పొగలోనే నేర్చుకున్నాను.

మరుసటేడు పండగకు తప్పకుండా వస్తామని అమ్మ కబురు చేసింది. పని తెగలేదని రాలేదు. నేను మాత్రం తల ఎత్తి, నవ్వుతూ, ఒక్కొక్కరినీ చూస్తూ పాడినాను. పాస్టరయ్య నెత్తిన చెయ్యి పెట్టి దీవించినాడు, ఆడోళ్లు బుగ్గలు పుణికినారు. అవ్వ మటుకు ఇంటికొచ్చినాక దగ్గరికి లాక్కుని, "శానా బాగా నవ్వితివి. అయినా మీయమ్మ కోసరం వాకిలి పక్కే చూస్తాంటివి కదా పాపా," అనింది. అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు ఆమె ఒళ్లో వదిలేసినాను.

అవ్వ పోయి శానా ఏండ్లయింది. ఇప్పుడు స్టేజీ మీద నా నిలకడ చూసి అందరూ మెచ్చుకుంటారు. మొన్నటి క్రిస్మస్‌కు ఊరివాళ్లు పిలిస్తే పోయి పాడినాను. పాటలోని మాటలు పెద్ద పెద్ద అక్షరాలతో కనపడేట్టు నా పక్కనే తెర కట్టినారు. నాలుగు చరణాలూ పాడినాను. అందరూ గొంతు కలిపినారు, తెర వైపు చూస్తూ.