కామంచి మొక్క మీద పురుగు

మా ఎదురింటి ప్రేమమ్మ మిరపకోతకు వెళ్తుంది. వాకిట్లోకి వచ్చిన పాముని చీపురుతో గెంటిన మనిషి. ఆమె వణకడం నేను ఒక్కసారే చూశాను, అదీ చచ్చిన పురుగుల్ని చూసి.

పెరట్లో ఆమెకి రెండు కామంచి మొక్కలున్నాయి. ఐదేళ్ల మనవరాలు జాస్మిన్‌కి ఆ నల్లటి చిన్న పళ్లంటే ప్రాణం. ఈ ఏడు చుక్కల పెంకుపురుగులు పట్టి ఆకుల్ని జల్లెడ చేశాయి. ప్రేమమ్మ మందు మాత్రం కొట్టనివ్వలేదు.

"పిల్ల తినేది అది," అని రోజూ పొద్దున్నే ఒక్కొక్క పురుగునే ఏరి సబ్బునీళ్లలో వేసేది, వాటి వంశాన్నంతా తిడుతూ. ఆ తిట్లకే మాకు మెలకువ వచ్చేది.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే జాస్మిన్ పెరట్లోకి పరిగెత్తింది. ప్రేమమ్మ చీర మార్చుకుని వెళ్లేసరికి మొక్కల కింద పురుగులన్నీ వెల్లకిలా పడున్నాయి. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని ఊదింది. కదల్లేదు. ఆకుల నుంచి మిరపచేలో కొట్టే మందు వాసన. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల పెదాలు నల్లగా ఉన్నాయి.

"ఎన్ని తిన్నావే?"

జాస్మిన్ రెండు చేతుల వేళ్లూ చాపి చూపించింది.

ఆ కేకకి నేనూ, పక్కింటి బుడానూ ఒకేసారి చేరాం. బుడాన్ చేలల్లో మందు కొట్టే కూలీ. అతని మొహం పాలిపోయింది.

"నేనే కొట్టాను ప్రేమక్కా. ట్యాంకులో కాస్త మిగిలింది. రోజూ నడుం వంచి ఏరుతున్నావని..."

ప్రేమమ్మ తిట్టలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. "మందు డబ్బా తేరా, డాక్టరుకి చూపించాలి," అంది.

ఆటోలో సత్తెనపల్లి ఆసుపత్రి దాకా పిల్లని కళ్లు మూయనివ్వలేదు. "మాట్లాడు తల్లీ, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉంది. సగం దారిలో జాస్మిన్ నోటి నుంచి చొంగ కారడం మొదలైంది. బుడాన్ డబ్బాని గుండెకి అదుముకుని ఏడ్చాడు.

మర్నాడు సాయంత్రానికి గానీ పిల్ల పెరుగన్నం అడగలేదు.

మొక్కల్ని పీకేస్తుందనుకున్నాం. పీకలేదు. కాయలన్నీ దులిపి పాతిపెట్టింది, ఆకులు కత్తిరించింది, కొత్త చిగుళ్లు వచ్చి కాసేదాకా ఆగింది. బుడాన్‌తో మాటలు మానలేదు. పురుగుల మీది తిట్లు మాత్రం ఇప్పుడు వినబడవు. జాస్మిన్ చెయ్యి చాపితే ముందు తనే వంగి ఆకులు తిరగేస్తుంది. ఒక్క పురుగైనా కదులుతూ కనబడితేనే, "కోసుకో," అంటుంది.