సత్యవతమ్మ గారి గుమ్మంలో నా నక్షత్రం

పోయిన మంగళవారం మా వీధిలో చేతబడి చేసింది ఎవరా అని జనం రెండు గంటలు వెతికారు చూడండి, అది నేనే! రేపు ఇంకెవరి నోటనో నాలుగు కలిపి వినేకంటే నా నోటనే వినేయండి. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది.

దీనికంతటికీ మూలం మా పాస్టరుగారి ప్రసంగం. ఆయన తప్పేం లేదు పాపం. "ఈ నెల కరపత్రాలొద్దు, మైకులొద్దు. ఒక్కొక్కరూ పొరుగువారికి ఒక మేలు చెయ్యండి. ఎవరు చేసేరో తెలియకూడదు. ప్రభువు ప్రేమ ఎలా ఉంటుందో మీ చేతులు చెప్పాలి, నోరు కాదు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నోరు పెట్టి మాట్లాడ్డం నాకు పుట్టుకతోనే రాదు. సాక్ష్యం చెప్పమని లేపితే "స్తోత్రం" అనేసి కూర్చుండిపోయే రకాన్ని.

మా మామ్మా అంతే. మా ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆవిడే. చెరుకు నరికేవాళ్ళకి మిట్టమధ్యాహ్నం కుండెడు మజ్జిగ మోసుకెళ్ళి పోసేదట. ఎవరో "ఏటమ్మా, మీ దేముడు పొయ్యమన్నాడేటి?" అనడిగితే, "ఎండ పొయ్యమంది, తాగు" అందట. అంతే ఆవిడ సువార్త! ఆ మామ్మే బాప్తిస్మం అయిన మర్నాటినుంచీ మా ఇంట ముగ్గు మానేసింది. భక్తితో మానేసిందని మేమంతా గొప్పగా చెప్పుకుంటుంటే, ఒకరోజు నా చెవిలో అంది కదా, "భక్తీ లేదు, గిక్తీ లేదు. నడుం నొప్పే పిల్లా. వంక దొరికింది." ఈ సంగతి మా వంశంలో ఇంకెవరికీ తెలీదు. ఇప్పుడు మీకు తెలిసింది.

అంచేత మా ఆడపిల్లలెవరికీ ముగ్గులు రావు. నాకొచ్చినదల్లా ఒక్కటే. క్రిస్మస్‌కి మా వరండాలో, గ్రిల్లు లోపల, వేసుకునే నక్షత్రం. రెండు త్రికోణాలు ఒకదానిమీదొకటి. అదీ మావారి పాత చెక్క స్కేలు పెట్టి గీస్తేనే. మావారు లెక్కల మేష్టారుగా రిటైరయ్యారు లెండి.

ఏటికొప్పాకలో మా చెల్లెలింట్లో నాలుగు రోజులుండి సోమవారం సాయంత్రం వచ్చేం. ఆటో దిగుతూ ఎదురింటి వైపు చూసేను. సత్యవతమ్మ పిన్నిగారి గుమ్మం బోసిగా ఉంది! వాళ్ళది బెల్లం వ్యాపారం. పెద్ద ఇల్లు, కోడలుంది, పనికి పైడమ్మ ఉంది. అయినా డెబ్భై అయిదేళ్ళ పిన్నిగారు ముగ్గు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వరు. ముప్ఫై ఏళ్ళలో ఆ గుమ్మం ముందు ముగ్గు లేకుండా నేను చూళ్ళేదు. "అయ్యో, మోకాళ్ళు బాగా పట్టేసినట్టున్నాయి, వంగలేకపోతున్నారు" అనుకున్నాను. అనుకున్నానే గానీ, వెళ్ళి అడిగేనా? అడిగితే మేలు రహస్యంగా ఎలా ఉంటుందండీ!

మంగళవారం పొద్దున్న మావారు వాకింగ్‌కి అటు వెళ్ళగానే నేను బకెట్టూ చీపురూ పట్టుకుని ఇటు వెళ్ళేను. తుడిచేను, నీళ్ళు జల్లేను. ముగ్గుపిండి మనింట్లో ఎక్కడిది? బియ్యప్పిండి, క్రిస్మస్‌కి మిగిలిపోయిన ఎరుపూ పసుపూ రంగుల పొట్లాలూ తీసుకెళ్ళేను. స్కేలు మర్చిపోయేను. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. ఒక త్రికోణం పెద్దదైపోయింది, ఇంకోటి పక్కకి ఒరిగిపోయింది. ఎరుపు కాస్త ఎక్కువ పడింది. ఇదంతా చాలదన్నట్టు, నేను ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్కబొమ్మల్లో చిన్నదాన్ని, అరచేతిలో పట్టేంత ఎర్రచీర ఆడబొమ్మని, నక్షత్రం నట్టనడుమ నిలబెట్టేను. పిన్నిగారు తలుపు తియ్యగానే చూసి మురిసిపోవాలని!

ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, సన్నగా కీర్తన పాడుకుంటూ ఇడ్లీ పిండి కలుపుతున్నాను. ఆరున్నరకి ఎదురింట్లోంచి కేక వినిపించింది. తర్వాత ఇంకో కేక. తర్వాత నలుగురైదుగురి కేకలు.

"నచ్చిందన్నమాట!" అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఏమీ తెలియని మొహం పెట్టుకుని బయటికొచ్చేను.

వీధి వీధంతా అక్కడే ఉంది. పిన్నిగారి కోడలు లలిత గుమ్మంలోంచే నన్ను కేకేసింది. "చూడండాంటీ! దేవరాపల్లిలో మా పెదమావగారు పోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. మైలలో ఉన్న ఇంటిముందు ముగ్గు ఎవరైనా పెడతారా ఆంటీ? ఎవరో కావాలని చేసేరు!"

ముగ్గు లేదంటే ఆ ఇంట్లో మైల అని ఈ ఊళ్ళో పలక పట్టిన పిల్లనడిగినా చెప్తుంది. యాభై ఎనిమిదేళ్ళదాన్ని, నాకు మాత్రం మోకాళ్ళు గుర్తొచ్చాయి!

ఇంతలో కిళ్ళీ కొట్టు నూకరాజు ముందుకొచ్చేడు. మా వీధిలో దొంగతనమైనా, ట్రాన్స్‌ఫార్మరు పేలినా మొదట వివరం చెప్పేది అతనే. "ఎవరూ దగ్గిరికెళ్ళకండి! ఇది ముగ్గు కాదు, యంత్రం. ఆరు కోణాలు లెక్కెట్టండి. ఎరుపు, పసుపు. మజ్జిన బొమ్మ కూడా ఎట్టేరు!"

"ఏటికొప్పాక బొమ్మలా ఉందేటి?" అని ఎవరో అన్నారు.

"అలాగే ఉంటాది మరి. అనుమానం రాకుండా అలా సేయించేరు. వంకర సూడండి, తిన్నగా గీసింది కాదు. పూనకంలో గీసింది."

పూనకమట! స్కేలు లేకండీ బాబూ!

అప్పుడు వచ్చింది పైడమ్మ. రెండిళ్ళలోనూ పని ఆవిడే. రోజూ ఏడింటికి మొదట వాళ్ళింటికి, తర్వాత మా ఇంటికి వస్తుంది. రాగానే నూకరాజు వేలు చూపించేడు. "ఇదే! ఆదివారంనాడు లలితమ్మగారితో తగువాడి, నా ఉసురు తగుల్తాది అన్నాదా లేదా?"

అన్న మాట నిజమే. శనివారం మనవరాలికి చెవులు కుట్టిస్తున్నాం, సెలవివ్వమంటే, చుట్టాలొస్తున్నారు కుదరదని లలిత అందిట. ఆ బాధలో పైడమ్మ నోరు జారింది.

"పైడమ్మా, ఇంక నువ్వు మా గుమ్మం తొక్కకు" అంది లలిత. "నువ్వు చేసినా, ఎవరిచేత చేయించినా సరే. ఈ వీధిలో నిన్నెవరూ పెట్టుకోరు."

పైడమ్మ ముగ్గు వైపు ఒకసారి చూసింది. తల దించుకుంది. ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? వెంటనే చెప్పేయాలి కదా? మీరైతే చెప్పేద్దురు. నేను మాత్రం మనసులో ఒక వాదం మొదలెట్టేను. ఎవరికీ తెలియకూడదన్నారు కదా పాస్టరుగారు, చెప్తే మేలు పాడైపోదూ? ఎంత భక్తిగా ఉందో చూడండి ఈ వాదం! అసలు సంగతి భయం. ముప్ఫై ఏళ్ళుగా "రూతమ్మగారా, ఆవిడ నెమ్మదైన మనిషి" అనిపించుకున్న పేరు పోతుందని భయం.

చేతిలో ఫోను టింగుమంది. అలవాటుకొద్దీ చూసేను. మా సంఘ స్త్రీల గ్రూపులో ఒక సిస్టరు ఫోటో పెట్టింది. "సహోదరీలారా, మన ఊళ్ళో ఒక వీధిలో దుష్టశక్తుల యంత్రం కనపడింది. అందరూ ప్రార్థనలో పెట్టండి." కింద నా నక్షత్రం. నా బొమ్మ. అప్పుడే పదిమంది దండాల గుర్తులు పెట్టేసేరు. నా చెయ్యి ఊరుకోక, నేనూ ఒక దండం పెట్టేసేను!

మావారు పేపరు చంకలో పెట్టుకుని వాకింగ్ నుంచి వచ్చేరు. నూకరాజు ఆయన్ని ఆపేడు. "మేష్టారూ, మీరు తెల్లారకుండానే లేచెళ్తారు కదా. ఎవర్నైనా సూసేరా?"

ఆయన ముగ్గు చూసేరు. బొమ్మని చూసేరు. తర్వాత నా కుచ్చిళ్ళు చూసేరు. నా పక్కకొచ్చి, పెదవులు కదలకుండా, "అంచుకి రంగుంది. దులుపుకుంటావా, చెప్తావా?" అన్నారు.

ఎదురుగా పైడమ్మ ఇంకా తల దించుకునే ఉంది. నాకు సిగ్గేసింది.

"ఆ ముగ్గు నేనేసేనండీ" అన్నాను.

ఎవరూ వినలేదు! నా గొంతు మీకు తెలుసు కదా. నూకరాజు ఎవరికో ఫోను చేస్తున్నాడు. చోడవరంలో ఇలాంటివి తియ్యడంలో ఆరితేరినాయన ఉన్నాడట, బండేసుకుని వచ్చేస్తున్నాడట. నేను మళ్ళీ అన్నాను, "నేనేనయ్యా." నూకరాజు ఫోనుకి చెయ్యడ్డం పెట్టి, "మీరు లోపలికెళ్ళిపోండమ్మా, మెత్తని మనుషులకి దీని గాలి తొరగా తగుల్తాది" అన్నాడు.

అంతే! నా జీవితంలో మొదటిసారి, పెళ్ళి చూపుల్లో పాట పాడమన్నప్పుడు కూడా పెగలని గొంతు, నడివీధిలో పెగిలింది. "ఆ ముగ్గు నేనేసేనయ్యా! పైడమ్మ కాదు! నేను, నేను, నేను!"

వీధంతా నా వైపు తిరిగింది. కుక్కతో సహా.

నూకరాజు నెమ్మదిగా అడిగేడు, "మీ చేత ఎవరు సేయించేరమ్మా?"

"మా పాస్టరుగారు" అన్నాను. దానితో ఇంకో గొడవ మొదలవ్వబోయింది. మావారు కలగజేసుకుని, మేలు, రహస్యం, క్రిస్మస్ రంగులు, అన్నీ వరసగా లెక్క చేసి చూపించినట్టు చెప్పేరు కాబట్టి బతికిపోయేను.

లోపలినుంచి పిన్నిగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చేరు. కళ్ళజోడు సవరించుకుని ముగ్గుని ఈ చివరనుంచి ఆ చివరకి చూసేరు. "ఈ వంకర గీతలకటే ఇంతమంది హడిలిపోయేరు? చేతబడి చేసేవాడికి చెయ్యి తిన్నగా ఉంటుందే లలితా! రూతూ, ఇది నక్షత్రమా? నేను పనసతొన అనుకున్నాను."

అందరూ నవ్వేరు. నేను ఏడుస్తున్నాను. "మైలని తెలీదు పిన్నిగారూ. మీకు మోకాళ్ళు నొప్పేమోనని..."

"నొప్పే" అన్నారావిడ. "పోయినాయన నాకు వరసకి బావగారే గానీ, నేను కాపరానికొచ్చేనాటికి పదేళ్ళవాడు. నా చేతి అన్నం తిని పెరిగేడు. ఈ నాలుగు రోజులూ మైలని ఒక్కరూ గుమ్మం వైపు చూళ్ళేదు. నువ్వు చూసేవు. చూస్తే చూసేవు గానీ, తలుపు కొట్టి అడగొచ్చు కదే తల్లీ!"

అదండీ. ఎవరికీ తెలియకుండా రంగులు పోసి రావడం నాకు చేతనైంది. తలుపు కొట్టి "ఎలా ఉన్నారు పిన్నిగారూ" అనడం చేతకాలేదు.

చోడవరం ఆయన్ని దారిలోంచే వెనక్కి పంపించేసేరు. లలిత మొహం ఎర్రగా చేసుకుని, "సారీ పైడమ్మా. రేపు మామూలుగా రా" అంది. జనం వెళ్ళేక పైడమ్మా నేనూ కూర్చుని ముగ్గు కడిగేం. బియ్యప్పిండి పోయింది, పసుపు పోయింది. ఎరుపు సిమెంటు పట్టుకుని వదల్లేదు.

"నన్ను క్షమించు పైడమ్మా" అన్నాను.

"నాకు సూడగానే తెల్సునమ్మా" అంది బ్రష్షు ఆపకుండా. "యేటా మీ వరండాలో ఈ ఎరుపు నెల్లాళ్ళు రుద్దీది నేనే కదేటి."

నేను నిర్ఘాంతపోయేను. "మరి చెప్పలేదేం? నీ పని పోయేది కదా!"

"నేను సెప్తే మీ మాట పోద్ది. మీరే సెప్పుకుంటే పోదు. అందుకని ఊరుకున్నాను." చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. "అయితే శానా సేపు పట్టీసిందమ్మా మీకు."

పాస్టరుగారు చెప్పినట్టు, ఎవరికీ చెప్పకుండా మేలు చేసిన మనిషి ఆ వీధిలో ఒకరున్నారు. నేను కాదు.

"నీకేదైనా చెయ్యాలి పైడమ్మా, ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు" అన్నాను. ఈసారి అడిగే చేద్దామని బుద్ధొచ్చింది లెండి. ఆవిడ ఎంతోసేపు ఆలోచించలేదు. "శనివారం మా గుంటదానికి సెవులు కుట్టిత్తన్నాం. ఆ ఒక్క రోజూ రెండిళ్ళ గిన్నెలూ మీరు తోమేయండమ్మా."

పిన్నిగారినీ లలితనీ అడిగి ఒప్పించేను. శనివారం వాళ్ళ దొడ్లో కుళాయి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. చుట్టాలు దిగిన ఇల్లు, గుండిగలూ పళ్ళేలూ కొండలా ఉన్నాయి. సన్నగా కీర్తన పాడుకుంటూ, ప్రేమగా, మధ్యాహ్నం దాకా తోమేను. నడుం విరిగిపోయింది గానీ, మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

లలిత వచ్చి నా పక్కన కూర్చుని, బోర్లించిన గుండిగ ఒకటి తీసి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎంతో మర్యాదగా అంది:

"ఆంటీ, ఏమీ అనుకోకండి. ఇవన్నీ పక్కన పెట్టేయండి. రేపు పైడమ్మ వచ్చి మళ్ళీ తోముతుంది."