ఆ అంకెను మార్చిందెవరు

ట్రోన్‌హైమ్‌లోని మా ఆఫీసులో ఇంగ్విల్ పక్క కుర్చీ నాది. ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్ తయారుచేయడం మా పని. నడిచిపోయిన ప్రోగ్రామును వెనక్కి నడిపించి చూపే వీలు అందులో ఉండాలని పట్టుబట్టింది ఆమే. అదెవరికి కావాలని పైవాళ్లు నవ్వేవారు. నవ్వరా మరి, తప్పులు వెతుక్కునేది వాళ్లు కాదుగా.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక ఫెర్రీ రేవులో ఆగకుండా గట్టును గుద్దుకుంది. తాడు పట్టుకుని నిలబడ్డ స్వెర్రె అనే కళాసీ మధ్యలో నలిగి చనిపోయాడు. ఆ ఫెర్రీని రేవులో ఆపే ప్రోగ్రాము రాసినవాళ్లలో ఇంగ్విల్ వాళ్లన్నయ్య టోర్గైర్ ఒకడు. గట్టు ఎంత దూరమో చెప్పే అంకె ఆ సమయంలో తప్పుగా ఉందని తేలింది. ఎవరు రాసిన పంక్తి దాన్ని అలా మార్చిందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

టోర్గైర్ తిండి మానేశాడు. ఒకరోజు సరాసరి మా గదికే వచ్చి కూర్చున్నాడు.

"నాదైతే నాదని చెప్పు చెల్లీ. కాకపోతే కాదని చెప్పు. ఈ మధ్యలో బతకలేకపోతున్నా."

"నీది కాదన్నయ్యా. చూపిస్తాగా," అంది ఇంగ్విల్.

చూడకుండానే మాటిచ్చేసింది. నాకు ఒళ్లు మండింది, కానీ ఆ మనిషి ముందు ఏమనగలను?

వెనక్కి నడపడం అంటాం గానీ, ఏ ప్రోగ్రామూ వెనక్కి నడవదు. అంతకుముందు భద్రపరిచిన చోటు నుంచి మళ్లీ ముందుకే నడిపి, ఈసారి ఒక్క అడుగు ఇవతలే ఆపుతాం. అందుకోసం మొదటిసారి బయటినుంచి దానికి అందినదంతా దాచి, రెండోసారీ అచ్చంగా అదే అందించాలి. ఇంగ్విల్ ఫెర్రీని నడిపే కంప్యూటర్‌ను తెప్పించి, ఆనాటి కొలతలిచ్చి, ప్రమాదం మళ్లీ జరిగేదాకా నడిపి రికార్డు చేసింది. తీరా వెనక్కి తీసుకెళ్తే ప్రతిసారీ దారి తప్పేది. ఒకసారి తెరమీది ఫెర్రీ గట్టును గుద్దేది, ఇంకోసారి నింపాదిగా ఆగేది. ఆగినప్పుడల్లా టోర్గైర్ ముఖం వెలిగేది. అది చూడలేక నేను బయటికి పోయేవాణ్ణి.

"అది ఉత్తుత్తి ఆగడమని మీ అన్నయ్యకి చెప్పు," అన్నాను ఒకరోజు, కాఫీ దగ్గర.

"ఎలా చెప్పమంటావు? ఇవాళే కదా రొట్టె ముక్క నోట్లో పెట్టాడు."

మర్నాడు పొద్దున దొరికింది లోపం. ప్రోగ్రాము అడిగి తెచ్చుకున్నవన్నీ మేం దాచాం. టైము మాత్రం అది ఎవర్నీ అడగట్లేదు, ప్రాసెసర్‌లోని గడియారాన్ని నేరుగా చూసుకుంటోంది. దానికి రికార్డులోని పాత టైమే కనపడేలా ఇంగ్విల్ ఆ గడియారానికి అడ్డం పెట్టింది. ఇక ఎన్నిసార్లు నడిపినా ఫెర్రీ గట్టునే గుద్దింది. టోర్గైర్ పక్కనే ఉన్నాడు. బయటికి వెళ్లమంటే కదల్లేదు.

ఆ తప్పుడు అంకె మీద కాపలా పెట్టి, దాన్ని చివరిసారి మార్చిన చోట ఆగమని వెనక్కి వదిలింది. ఆగింది. కొలత ఆలస్యమైతే పాతదే వాడుకోమనే పంక్తి అది. అది తను రాసిందేనని మాకంటే ముందే టోర్గైర్ గుర్తుపట్టాడు.

"ఇంకోసారి," అన్నాడు.

ఇంగ్విల్ మళ్లీ నడిపింది. అదే పంక్తి. మా పనిముట్టు మొదటిసారి సరిగ్గా పనిచేసిన రోజది, నాకు మాత్రం దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

"నిన్న ఆగింది కదా చెల్లీ."

"నిన్న ఇది చెడిపోయి ఉందన్నయ్యా."

టోర్గైర్ తలూపాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, వెనక్కి పంపే మీట తనే నొక్కాడు.