సంపులో దించిన కెమెరా

గుంతకల్లులో హేమావతికి చిన్న ఫోటో స్టూడియో ఉంది. నీళ్లకు మొహం వాచిన ఈ సీమలో పెళ్లికి ముందు ప్రతి జంటకూ నీళ్లలో మునిగే ఫోటోనే కావాలి. దానికోసమే ఆమె బెంగళూరులో ఎవరో వాడిన కెమెరా సంచి ఒకటి కొనింది. మందంపాటి మెత్తని ప్లాస్టిక్‌ది. ముందర గుండ్రటి అద్దం, పక్కన చేతికి తొడుగు. కెమెరా లోపల పెట్టి, మూతి పట్టీల మధ్య బిగించి మరలు తిప్పితే చుక్క నీరు దూరదు. లోపల గాలి ఎక్కువైతే సంచి తేలిపోతుంది, బొత్తిగా లేకపోతే ప్లాస్టిక్ బటన్లకు అతుక్కుంటుంది. ఎంత గాలి ఉంచాలో ఆమె చేతికే తెలుసు.

ఆ సంచి మాట విని సోమశేఖర్ వచ్చినాడు. అతనిది క్యాన్లలో తాగేనీళ్లు అమ్మే ప్లాంటు. హేమావతి ఇంటికి వచ్చేవీ ఆ నీళ్లే. బోరునీళ్లలోని ఫ్లోరైడుకు అత్త సుమిత్రమ్మ మోకాళ్లు వంగిపోతే, "ఇవి మందు మాదిరి అత్తా, ఇవే తాగు" అని వెంటపడి అలవాటు చేసింది కోడలే.

"అక్కా, మిషన్లో వడగట్టినాక నీళ్లు నిలిచే మా సంపులో దించి ఒక ఫోటో తియ్యి. నీలంగా ఉండాల, బుడగలు లేస్తాండాల. ఊరంతా ఫ్లెక్సీలు కట్టిస్తా."

"లోపల ఎప్పుడన్నా చూసినావా అన్నా?"

"యాడ చూసేది? మూత తీస్తే లక్ష్మి పోతాదని మా నాయన చెప్పినాడు. శుక్రవారం పూజ మటుకు తప్పం. ఇప్పుడు నీకోసమే తీస్తాండా."

తాగేనీళ్లు కదా అని హేమావతి ఆ పొద్దు తలస్నానం చేసింది. సంచిని సబ్బుతో తోమి తోమి కడిగింది. చెప్పులు గేటు బయటే విడిచింది. సంపు మూత మీద పసుపు అట్టలు కట్టి ఉంది. మూత పక్కన చెయ్యి పట్టేంత సందు.

సోమశేఖర్ మూత జరిపినాక ఆమె బోర్లా పడుకుని, తొడుగులో చెయ్యి పెట్టి, భుజందాకా దించింది. అద్దానికి ఏదో మెత్తగా రాసుకుంది. ఫ్లాష్ వెలిగించి నొక్కింది, పైకి లాగింది. సంచికి చీమిడి మాదిరి పాచి తీగలు సాగి వేలాడుతున్నాయి. కంపు ముక్కులోకి కొట్టింది. ప్లాస్టిక్‌లోంచే కెమెరా తెరను చూసింది. సందులోంచి జారి కుళ్లిన పూజ పూలు. బురద. బొద్దింకల రెక్కలు. వాటి నడుమ, పొట్ట తెల్లగా ఉబ్బిన బల్లి.

"థూ!" అని ఆమె చెయ్యి విదిలించింది.

సోమశేఖర్ వంగి చూసినాడు. మొహం ముడిచినాడు కానీ, ఒక్క క్షణమే. "అడుగున ఏముంటే ఏమక్కా, పైన తేటగానే ఉండాయి కదా. దాన్ని చెరిపి నీలం రంగు కొట్టు."

"పైన తేటగా ఉండాయా?" హేమావతి లేచి, క్యాన్లు నింపే కొళాయి తిప్పి గ్లాసు నింపింది. "అయితే తాగన్నా."

గ్లాసు పట్టుకుని అతను దాన్నే చూసినాడు. చూసి చూసి గోడ పక్కన మందారం మొదట్లో ఒంపినాడు.

ఆ ఒంపడం చూసేసరికి హేమావతికి బల్లిని చూసినప్పటికంటే రోత పుట్టింది. సంచి చుట్టుకుని వచ్చేసింది. స్టూడియో అద్దాల బీరువాలో పెళ్లికూతుళ్ల నడుమ ఆ ఫోటో పెద్దది చేసి, కింద ఎవరి సంపో రాసి పెట్టింది. పొద్దు వాలేలోపు ఖాళీ క్యాన్లు పట్టుకుని వీధి వీధంతా ప్లాంటు ముందర చేరింది.

"ఇన్నాళ్లూ మాకు బల్లి కషాయం పోసినావేమప్పా!" అని ఆడవాళ్లు అరిచినారు.

సోమశేఖర్ సంపు తోడించినాడు. గోడలు గీకించినాడు, సున్నం వేయించినాడు, సందు లేని ఇనుప మూత పెట్టించినాడు. అందరూ దగ్గరుండి చూసినారు, హేమావతీ చూసింది. మొదటి క్యాను అతనే భుజాన మోసుకొచ్చి ఆమె వాకిట్లో దించినాడు.

"నీ కళ్లెదురుగానే కడిగినాం కదక్కా. ఇంక తాగు."

సుమిత్రమ్మ చెంబు నింపుకుని సగం దాకా గటగటా తాగేసింది. "బాగుండాయమ్మే" అనింది.

హేమావతీ గుక్కెడు నోట్లో పోసుకుంది. నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. గొంతు మటుకు దిగనియ్యలేదు. మోరీ కాలువ దగ్గరికి పరుగెత్తి కక్కేసింది.

అత్త వెనకనించి వీపు నిమిరింది. "ఏమ్మే హేమా, నేను తాగింటి కదా. నాకు లేని రోత నీకేంటికి?"

"నీకు పోసిన చెయ్యి నాది కదత్తా" అనింది హేమావతి. నోరు పుక్కిలించాలని చెంబు కోసం చెయ్యి చాపి ఆగిపోయింది. అందులోవీ ఆ నీళ్లే.